బెల్లం చెమర్చిన రోజు

మా చెల్లెలు నూర్జహాన్ ఫోన్ చేసినప్పుడు నేను ఒంగోలులో మా స్కూలు స్టాఫ్‌రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మామూలుగా అయితే అది పిల్లల చదువులు, గ్యాస్ సిలిండరు, వాళ్ళ వీధిలో పొంగే డ్రైనేజీ, అన్నీ అయ్యాక గానీ అసలు విషయానికి రాదు. ఆ రోజు ఫోన్ ఎత్తగానే, "అక్కా, నాకు చిన్నప్పుడు ఏమైంది?" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ పోయిన ఏడాదికి అది నాన్నని ఊరినుంచి గుంటూరు బ్రాడీపేటలోని తనింటికి తెచ్చుకుంది. ఆయనతో వచ్చిన రేకు పెట్టె సర్దుతుంటే అడుగున, ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన ఆస్పత్రి చీటీ ఒకటి దొరికిందట. "నా పేరే ఉంది. ఆరేళ్ళు అని రాసుంది. కింద ఇంగ్లీషులో పాయిజన్ అని ఉందక్కా. ఎవరు పెట్టారు నాకు?" అని అడిగింది. పక్క కుర్చీలో లెక్కల మాస్టారు నా మొహం చూసి ఏమైందండీ అన్నారు. ఏం లేదని తల ఊపి వరండాలోకి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవ్వరం ఎత్తని మాట అది. నాన్న ఆ కాగితం దాచుకున్నాడన్న సంగతే నాకు తెలియదు. "ఆదివారం వస్తాను. వచ్చి చెప్తాను. నాన్నని మాత్రం అడగమాక," అన్నాను. 

మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట తెలుగే. నమాజుకు వెళ్ళేది పండగలకే గానీ, ఏ కష్టం వచ్చినా దర్గాకు మొక్కుకునేవాళ్ళం. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకాడు. నాన్న నాటికి ఆ పని పోయింది. ఆయన ఆ పత్తినే పండించడానికి చేలోకి దిగాడు. చిలకలూరిపేటకి అవతల నల్లరేగడిలో రెండెకరాలు సొంతం, మూడు కౌలు. ఎక్కువ పత్తి, ఓ పక్కన మిరప. సెల్‌ఫోన్లు మా ఊరికింకా రాని రోజులు. ఆ రోజుల్ని తలుచుకుంటే అందరికీ మల్లెపూలో, మట్టివాసనో గుర్తొస్తాయేమో, నాకు ముందు వచ్చేది మందు వాసన. పురుగుమందుని మేం వట్టినే మందు అనేవాళ్ళం. జ్వరం మాత్రకీ అదే మాట. పత్తి పూతకొచ్చేసరికి ఊరు ఊరంతా ఆ వాసనలో మునిగేది. నాన్న చొక్కా, తలకి చుట్టుకునే తువ్వాలు, ఆయన నడుం వాల్చే నవారు మంచం, బట్టలారేసిన దండెం, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల జడ, అన్నీ అదే వాసన. పైఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే మాకు నవ్వొచ్చేది. మా ముక్కులకి అది ఒక వాసనే కాదు.

మా నాయనమ్మ పేరు ఖాసింబీ. రెండు కళ్ళకీ శుక్లాలొచ్చి, మనుషుల్ని నీడల్లా చూసేది. అయినా వంటింట్లో ఏం జరుగుతోందో వసారాలో కూర్చునే చెప్పేసేది. పప్పు అడుగంటబోతోందని అంటే నిజంగానే అంటబోతూ ఉండేది. ఆవిడ పరమాన్నానికి మా వీధిలో పేరు. బియ్యం, గుప్పెడు పచ్చిశనగపప్పు కలిపి నీళ్ళలో సగం ఉడికించి, తర్వాత చిక్కటి గేదెపాలు పోసి, మెతుకు చిదిమితే వెన్నలా అయ్యేదాకా సన్నటి సెగ మీద ఉంచేది. పొయ్యిలోకి పత్తికట్టే వాడాలి. మిరపకట్టె పెడితే ఇల్లంతా దగ్గే. బెల్లం వేరే గిన్నెలో కాసిని నీళ్ళు పోసి కరిగించి, ఇసుక పోయేలా పలచటి గుడ్డలో వడకట్టి, పరమాన్నం పొయ్యి మీదనుంచి దించి వేడి కాస్త తగ్గాక కలపాలి, తొందరపడితే పాలు విరిగిపోతాయి. ఇదంతా నాకు చెప్పేది గానీ తను మాత్రం చేతులారా వండడం మానేసింది, తినడమూ మానేసింది. నాకు ఆరేడేళ్ళప్పుడు మా సైదులు బాబాయి చేలో పాము కరిచి చచ్చిపోయాడని, అప్పటినుంచి నాయనమ్మ తీపి ముట్టదని మాకు చెప్పారు. కొడుకు పోయిన తల్లి తీపి తినకపోవడంలో వింతేముంది అనుకున్నాను.

నాకు పదిహేనేళ్ళు వచ్చిన ఏడు అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ కాలంలో మా వైపు ఆడవాళ్ళలో ఆ ఆపరేషన్ కాని వాళ్ళు తక్కువ. గుంటూరులో పది రోజులుండి అమ్మ ఎండిపోయిన కట్టెలా ఇంటికొచ్చింది. బరువు ఎత్తకూడదు, పొయ్యి దగ్గర కూర్చోకూడదు. ఇంటిపని నా మీద పడింది. అమ్మ క్షేమంగా తిరిగొస్తే పరమాన్నం వండి, ముల్లాసాయిబు చేత ఫాతేహా చదివించి, వీధిలో పిల్లలందరికీ పెడతానని నాన్న మొక్కుకున్నాడట. ఒక శుక్రవారం చేద్దామన్నారు. వండేది నేను. నా చేత్తో మొదటిసారి అంత పెద్ద గుండిగ. ముందు రోజంతా భయంతో, గర్వంతో గాల్లో తేలుతున్నట్టు ఉన్నాను.

ఆ ముందు రోజే నాన్న పాత స్కూటరు మీద గుంటూరు వెళ్ళాడు. పత్తిలో పురుగు ఎంత కొట్టినా చావడం లేదు. ఇది అసలు మందేనా, నకిలీదా అని కొట్టు ఆయన్ని నిలదీయడానికి సగం వాడిన సీసా సంచిలో పెట్టుకెళ్ళాడు. కొట్టు ఆయన సీసా అటూ ఇటూ తిప్పి చూసి, మందు మంచిదే, ఇంకో విడత కొట్టమన్నాడట. వస్తూ వస్తూ మూడు కిలోల బెల్లం, యాలకులు, జీడిపప్పు కొని అదే సంచిలో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక సీసా తీసి కొట్టంలో పెట్టాడు. సంచి నాకిచ్చాడు. అంతే జరిగింది. అంతకంటే ఏమీ లేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా అంత చిన్న పని అది.

మర్నాడు పొద్దున బెల్లం విప్పితే చుట్టిన పేపరు తడిగా అంటుకుపోయి ఉంది. వానాకాలం బెల్లం చెమర్చడం మామూలే కదా. మందు వాసన కొట్టింది, నేను కాదనను. కానీ నాన్న మందు కొట్టొచ్చి విడిచిన చొక్కా నా నెత్తి మీదే దండెం మీద వేలాడుతోంది. వాసన దానిదనుకున్నాను. బెల్లం బండరాయి మీద పెట్టి పచ్చడిబండతో నలగ్గొడుతుంటే మా నూర్జహాన్, ఇంట్లో అందరికీ నూరి, వచ్చి పక్కన చేరింది. "అక్కా, ఒక ముక్క. ఒక్కటే," అని మోకాళ్ళు పట్టుకుని ఊగింది. ఫాతేహాకి తెచ్చిన సరుకు ముందే ఎంగిలి చేస్తే నాయనమ్మ ఊరుకోదు. "నోర్ముయ్యవే, వింటది," అంటూ, అది వదలదని తెలిసి, పొడిగా ఉన్న వైపు నుంచి ఉసిరికాయంత ముక్క తీసి దాని నోట్లో పెట్టాను. "ఎవరికీ చెప్పమాక," అన్నాను. అది బుగ్గలో పెట్టుకుని కోటేశ్వరమ్మ పిన్ని వాళ్ళింటికి ఆడుకోవడానికి పరిగెత్తింది. కోటేశ్వరమ్మ పిన్ని మాకు గోడవతలి ఇల్లు.

పరమాన్నం బాగా కుదిరింది. నిజంగా బాగా కుదిరింది. దించాను, వేడి కాస్త తగ్గాక పాకం వడకట్టి పోశాను, నేతిలో వేయించిన జీడిపప్పు, యాలకుల పొడి కలిపాను. పాలు విరగలేదు. రుచి మాత్రం చూడలేదు. ఫాతేహా చదివేదాకా ఎవరూ చూడకూడదు. నాన్నా, నేనూ గుడ్డలతో చెరో వైపు పట్టుకుని గుండిగని వసారా అంచున పెట్టాం. అప్పటికే పదిహేను ఇరవైమంది పిల్లలు పళ్ళేలు పట్టుకుని వాకిట్లో చేరారు. ముల్లాసాయిబు చాప మీద కూర్చుని అగరొత్తులు వెలిగించాడు. అమ్మ మంచం మీంచే తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నది, ఉన్నట్టుండి మెడ నిటారుగా పెట్టింది.

"ఏం వాసనే అది?"

"యాలకులు నాయనమ్మా."

"యాలకులు కాదు. దాని కింద."

"నాన్న చొక్కా దండెం మీదుంది. అదీ."

 ఆవిడ గోడ పట్టుకుని లేచింది. గుండిగ దగ్గరికి తడుముకుంటూ వచ్చి, ఆవిరిలోకి మొహం వంచింది. అంతే. వట్టి చేతులతో ఆ కాలే గుండిగ అంచు పట్టుకుని, ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో, ఒక్క తోపుతో వాకిట్లోకి బోర్లించేసింది. పరమాన్నం మెట్ల మీంచి పారి మట్టిలో పరుచుకుంది.

 ముల్లాసాయిబు "తౌబా, తౌబా" అంటూ లేచి నిలబడ్డాడు. నాన్న అరిచిన అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. "అమ్మా! మతి పోయిందా నీకు? మొక్కుబడి అన్నం నేలపాలు చేస్తావా?" నాయనమ్మ మెట్ల మీద చేతులు రెండూ అడ్డంగా చాచి నిలబడింది. అరచేతులు ఎర్రగా కాలి ఉన్నాయి. "ఎవురూ తాకమాకండి. మస్తానూ, ముందు పిల్లకాయల్ని బయటికి పంపు," అంది. నాన్న కదల్లేదు. నేనైతే ఏడుస్తూ, ఆవిడని జీవితంలో మొదటిసారి, "ముసల్దానా! నా పరమాన్నం!" అని అరిచాను. అది అన్నది నేనేనా అని నాకే అనిపించింది. పిల్లలు వెనక్కి తగ్గారు గానీ పోలేదు. కింద ఒలికిన మెతుకుల్లో జీడిపప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

కోళ్ళు ముందు వచ్చాయి. అమ్మ పెంచుకునే నల్లపెట్ట, దాని వెనక రెండు తెల్లవి. గబగబా పొడుచుకు తిన్నాయి. నాన్న ఇంకా నాయనమ్మ మీద అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపుల మధ్యలోనే నల్లపెట్ట మెడ వంకరగా తిప్పి, రెక్కలు నేలకేసి కొట్టుకుంటూ గుండ్రంగా తిరిగి పడిపోయింది. నాన్న మాట ఆగిపోయింది. రెండోది కూడా పడింది.  ఒక తల్లి వచ్చి తన పిల్లాడి చేతిలో పళ్ళెం లాక్కుని విసిరేసింది. నాన్న పరుగున కొట్టంలోకి వెళ్ళి సీసా తెచ్చాడు. మూత వదులుగా ఉంది. సీసా ఒళ్ళంతా జిడ్డు. సంచి వాసన చూశాడు. మెట్ల మీద కూలబడి, "నేనే తెచ్చానే. నా చేతుల్తో నేనే తెచ్చా," అన్నాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది.  "నాన్నా, నూరి," అన్నాను. "నూరి బెల్లం తిన్నది." ఎలా తిన్నది అని ఎవరో అడిగారు. "తీసుకుంది," అన్నాను. ఆ ఒక్క మాట అబద్ధం. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని సరిదిద్దుకోలేకపోయాను.

కోటేశ్వరమ్మ పిన్ని ఇంట్లో నూరి అరుగు మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఆడి ఆడి అలిసిపోయిందనుకుందట పిన్ని. నోటివెంట చొంగ కారుతోంది, గౌను చెమటతో తడిసి ముద్దయింది. కనురెప్ప ఎత్తితే కంటిపాప గుండుసూది మొనంత. నాన్న దాన్ని ఎత్తుకుని స్కూటరెక్కాడు, స్టార్టు కాలేదు. ఎవరిదో ఆటో దొరికింది. నేనూ, నాయనమ్మా ఎక్కాం. చిలకలూరిపేట దాకా నాన్న దాని బుగ్గ మీద తడుతూ, "నిద్దరపోమాక తల్లీ, నిద్దరపోమాక," అంటూనే ఉన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. నాయనమ్మే చెప్పింది, మందు పేరుతో సహా. చదువు రాని మనిషికి ఆ ఇంగ్లీషు పేరు ఎలా తెలుసని నేను తెల్లబోయాను.

లోపల దానికి ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తుంటే మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. నర్సు నాయనమ్మ అరచేతులకి మందు రాసి గుడ్డ చుట్టింది. సాయంత్రం కావొస్తుండగా, గండం కొంత గడిచిందని, అయినా రెండు రోజులు చూడాలని చెప్పారు. నాన్న ఆ మాట విని ఆస్పత్రి గేటు దాకా నడిచివెళ్ళి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నేను నాయనమ్మ భుజం పట్టుకుని, "నీకెలా తెలిసింది?" అని అడిగాను.

"మీ బాబాయిని పాము కరవలేదే," అంది.

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఆ రోజు సైదులు బాబాయి పొద్దుటి నుంచీ మందు కొడుతున్నాడట. మధ్యాహ్నం ఇంటికొచ్చి, మంచినీళ్ళడిగి తాగి, తల్లి పక్కన చాప మీద పడుకున్నాడట. మందు వాసన కొడుతోంది. కొట్టొచ్చిన మనిషి దగ్గర కొట్టక ఏం చేస్తుంది? "చొక్కా వాసనే అనుకున్నా. విప్పి పడుకోరా అన్నా. పలకలా. అలిసిపోయాడులే అని విసనకర్రతో విసురుతా కూచున్నా. ఎంతసేపు కూచున్నానో తెల్దు. ఆడి నోట్లోంచి వస్తందని తెలిసేతలికి చెయ్యి చల్లబడిపోయింది. ఇదే మందు, దాని పేరు అప్పుడే నేర్చుకున్నా." నా వైపు తిరిగి, "ఇందాక నువ్వూ చొక్కా అన్నావు," అంది.

బాబాయి ఎందుకు తాగాడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పంట పోయిందని కొందరు, కుదిరిన పెళ్ళి చెడిపోయిందని కొందరు అన్నారు. నాకప్పుడు అదేదీ అడగాలనిపించలేదు. ఆ ఇంట్లో, ఆ చాప మీద, అన్నేళ్ళు నేను పడుకుని చదువుకున్నాను. ఆ బల్ల మీద కూర్చుని ఒక ముసలామె కట్టుకట్టిన చేతులకేసి చూస్తూ, మా ఇంట్లో నాకు తెలిసిందంటూ ఏమైనా ఉందా అనుకున్నాను.

నూరి మూడో రోజు ఇంటికొచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని దానికి చెప్పాం. దానికేం గుర్తులేదు. నన్ను ఇప్పటికీ విస్తుపోయేలా చేసేది ఇంకొకటుంది. నాన్న ఆ సీసా పారేయలేదు. మర్నాడే, నూరి ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, మూత బిగించి చేలోకి తీసుకెళ్ళి మిగిలిందంతా పత్తికి కొట్టాడు. అమ్మ ఏడిచింది. "పురుగు ఆగుతుందా? ఇది కొట్టకపోతే తినేదేంటి?" అన్నాడు. ఆ ఏడు పత్తి కూడా ఒక మోస్తరుగా పండింది. ఈ మధ్య ఊరెళ్తే మా చేల మీద డ్రోన్ తిరుగుతూ మందు కొడుతోంది. నడిపేవాడు గట్టు మీద నీడలో నిలబడి ఉన్నాడు, చొక్కా తెల్లగా ఇస్త్రీ మడత నలగకుండా ఉంది. మంచిదే. అయినా గాలి మా వైపు తిరిగేసరికి నా చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం పోయింది. ఒకప్పుడు మేం నవ్విన చుట్టాల లాగే.

ఆదివారం బ్రాడీపేట చేరేసరికి పదకొండయింది. ఆటో దిగి మెట్లెక్కుతుంటేనే తెలిసిపోయింది. నేను వస్తున్నానని నూరి పరమాన్నం పెట్టింది. గ్యాస్ పొయ్యి, స్టీలు గిన్నె, ప్యాకెట్లో వచ్చే బెల్లం పొడి. వడకట్టే పనే లేదట. నాన్న హాల్లో కుర్చీలో టీవీ చూస్తున్నాడు. ఇప్పుడాయనకి చెవులు సరిగా వినపడవు. వంటింటి తలుపు దగ్గరగా వేసి, గట్టు దగ్గర నిలబడి దానికి మొత్తం చెప్పాను. మధ్యలో అది పొయ్యి ఆపేసింది. "తీసుకుంది అని చెప్పాను. నువ్వు తీసుకోలేదే. నేనే నీ నోట్లో పెట్టాను," అని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. అది గరిటె గిన్నెలోంచి తీసి గట్టు మీద పెట్టింది.

"నాన్న నన్ను జన్మలో ఒక్క మాట అనలేదక్కా," అంది. "నిన్ను తిట్టేవాడు, కొట్టేవాడు. నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనంటే ముద్దనుకున్నా ఇన్నాళ్ళూ." నేనేదో అనబోతే ఆపి, "తీపి ఏది చేసినా ముందు ఆయనే తినాలంటాడు. షుగరుంది నాన్నా వద్దంటే వినడు. రెండు చెంచాలు తిని, గడియారం చూసుకుంటా కూచుంటాడు. అప్పుడుగానీ పిల్లల్ని ముట్టనివ్వడు. ముసలితనం యావ అని మేమంతా నవ్వుకుంటాం. పిల్లల ముందే ఎగతాళి చేశాను," అంది.  ఆ సంగతి నాకూ తెలుసు. మొదలైంది ఎప్పుడో కూడా తెలుసు. ఎన్నడూ దానికి చెప్పలేదు.

అది రెండు గిన్నెల్లో పరమాన్నం పెట్టుకుని హాల్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. నాన్న చెయ్యి చాచాడు. అది ఆయనకి ఇవ్వకుండా, ఆయన ఎదురుగా నిలబడి, ఒక చెంచా తీసుకుని తన నోట్లో పెట్టుకుంది.

"ఆగవే!" అని నాన్న కుర్చీలోంచి లేవబోయి తూలాడు. టీవీ రిమోటు కింద పడి బ్యాటరీలు దొర్లిపోయాయి. అది మింగింది. ఇంకో చెంచా తిన్నది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. "చూడు నాన్నా. బానే ఉన్నా," అని గట్టిగా, ఆయనకి వినపడేట్టు అంది.

నాన్న దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పాను. ఆ బెల్లం అది తీసుకోలేదు నాన్నా. నేనే దానికి పెట్టాను." వినపడిందో లేదోనని మళ్ళీ చెప్పాను. "నేనే పెట్టాను."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. నా వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను, కనపడలేదు. ఏదో లెక్క మొదటినుంచీ మళ్ళీ వేసుకుంటున్న మనిషిలా పెదవులు కదిలాయి. "పదిహేనేళ్ళేగా నీకు," అన్నాడు, నాతోనో తనతోనో తెలియలేదు. తర్వాత నూరి చేతిలోని ఖాళీ గిన్నె తీసుకుని నాకు అందించాడు.

"దానికి ఇంకాస్త పెట్టు," అన్నాడు.